కట్టె ధర కాదు, చేప మూతి
మా రుద్రంగి ఊరి వైపు ఎవరైనా గాలం కట్టె కొనబోతే నేను చెప్పేది ఒకటే: ధర తర్వాత, ముందు చేప మూతి చూడండి. బొచ్చెకు మూతి పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో మేస్తుంది. రవ్వది నడిమి నీళ్లు. బంగారుతీగ అడుగు బురద కెలుకుతుంది. ఒడ్డు దగ్గరి బంగారుతీగకు బెండు కట్టిన వెదురు కట్టె, ఒక ఎర్ర చాలు. దూరం విసరాలంటే రీలున్న ఫైబర్ కట్టె, సీసం గుండు కావాలి. మరి అమెరికాలో ఇదే బంగారుతీగకు వాడే ఫ్లై కట్టె? దానికి గుండు ఉండదు. ఈకలు చుట్టిన ఉత్తుత్తి పురుగును బరువైన లైనే మోసుకుపోతుంది. ఫ్లై కట్టెల్లో 7, 8 నంబర్లవి పెద్ద చేప లాగుడుకు ఆగుతాయి. కానీ ఆ ఆటలో చేప కంటికి కనబడాలి, పురుగు దాని మూతి ముందరే పడాలి. వానాకాలం మన చెరువు నీళ్లు చాయ్ లెక్క ఉంటాయి, అప్పుడు ఫ్లై కట్టె ఒట్టి షోకు (ఫొటోకు బాగుంటుంది, కాదనను). నీళ్లు తేటపడ్డాక చూడొచ్చు. ఏ కట్టెకైనా ముందు మత్స్య సహకార సంఘాన్ని అడగాలి. 2016 నుంచి సర్కారు ఉచితంగా చెరువుల్లో పోయించిన చేప పిల్లలు పెరిగేది వాళ్ల బతుకుదెరువు కోసం. వాళ్లు వల దించే రోజుల్లో పక్కనే గాలం వేయడమైతే మరీ అన్యాయం.