మంచమెక్కితేనే కార్డా?

మా పెదకూరపాడులో మిరపకాయలు కోసీ, పత్తి తీసీ నడుములు వంగిపోయిన పెద్దవాళ్లు వీధికి నలుగురుంటారు. డెబ్బై దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల ఆయుష్మాన్ బీమా అని 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. సంతోషం. కానీ ఆ డబ్బు ఆసుపత్రిలో చేరితేనే. ఓపీకి వచ్చి ఫిజియోథెరపీ చేయించుకుంటే రాదు. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టిన మన ఎన్టీఆర్ వైద్యసేవ కూడా ప్రధానంగా ఆ దారిదే.

నడుంనొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాయామం నేర్పమంది. నడుముకు బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వద్దంది. మరి ఆ వ్యాయామం నేర్పేదెవరు? ఎవరూ లేకే మెడికల్ షాపు నొప్పిబిళ్లలు. రోజూ మింగితే పెద్దవయసులో కడుపుకీ కిడ్నీలకీ చేటు. కిడ్నీలు పోయి మంచమెక్కాక మాత్రం కార్డు పనిచేస్తుంది!

"పెద్ద జబ్బులకే బీమా ఉండాలి" అంటారా? కాళ్లు చచ్చుబడినా, మూత్రం అదుపు తప్పినా పరుగున పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే, అక్కడ కార్డు ఉండాల్సిందే. మిగతావాళ్ల మాటేమిటి?

వారానికి రెండు రోజులు మండలంలోని ప్రభుత్వాసుపత్రికి ఫిజియోథెరపిస్టును పంపండి. ఆ ఖర్చు బీమాలో కలపండి. వందలతో నిలబడే నడుమును వదిలేసి, పడిపోయాక లక్షలు పోయడం ఏం లెక్క?