నాలుగంకెలు చదవడానికి తీరిక లేదా?

తెలియక ప్రమాదంలోకి వెళ్లేవాణ్ణి చూస్తే జాలేస్తుంది. తెలిసి, ఒకడు చెప్పగా విని, చెప్పినవాడి మీదే విసుక్కుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ణి చూస్తే ఏమనాలి? నాకైతే ఒళ్లు మండుతోంది. ఆ మంట పైకి చెప్పుకోవడం కూడా తప్పేనట. పక్కవాడి బండి గురించి మాట్లాడితే మర్యాద కాదట!

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. వీధిలో ఎటు చూసినా తెలుగువాళ్లమే. మా పక్కింటాయన ఆ మధ్య సెకండ్‌హ్యాండ్‌లో మోటర్‌హోమ్ కొన్నారు. ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెబుతున్నా: అది బస్సంత బండి. లోపల మంచాలు, వంటగది, బాత్‌రూమ్, ఏసీ, టీవీ అన్నీ ఉంటాయి. ఈ పెద్ద రకం బండి నీళ్లూ సామానూ నింపుకుంటే ఎనిమిది నుంచి పన్నెండు టన్నులు తూగుతుంది. ఆ బరువంతా మోసేవి ఆరు టైర్లు, ముందు రెండు, వెనక నాలుగు. 26 వేల పౌండ్ల లోపు బండికి ఇక్కడ మామూలు కారు లైసెన్సు సరిపోతుంది. నిన్నటిదాకా క్యామ్రీ నడిపినాయన ఇవాళ దీని స్టీరింగ్ పట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఇంటి ముందు పెట్టుకోవడానికి మాత్రం హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోదు, వీధి అందం చెడుతుందట. అందుకే ఏడాదంతా ఊరి బయట అద్దె స్థలంలో ఎండకు ఎండుతూ, ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మాత్రమే ఇంటికొస్తుంది.

2025 వేసవిలో అలా వచ్చింది. గ్రాండ్ కాన్యన్ ప్రయాణం. వెళ్లడానికే వెయ్యి మైళ్ల పైచిలుకు. గుంటూరు నుంచి ఆయన అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. పిల్లలు సరేసరి. బయల్దేరే ముందు వీధివాళ్లందరినీ పిలిచి బండికి పూజ పెట్టారు. అద్దానికి పసుపుతో స్వస్తిక్, బంపరుకు పూలదండ, దిష్టి తీయడానికి గుమ్మడికాయ. ఇండియన్ స్టోర్ నుంచి ప్రత్యేకంగా తెచ్చిన నిమ్మకాయలు చక్రాల కింద పెట్టమని నా చేతికిచ్చారు.

ముందు చక్రం కింద కాయ పెడదామని వంగాను. సైడ్‌వాల్ మీద, రిమ్ము చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు. ఒకటీ అరా అయితే సరే, చక్రం చుట్టూతా అవే. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది. పైన మాత్రం టైర్ షైన్ కొట్టి నిగనిగలాడిస్తున్నారు. ఫోన్ లైటు వేసి, తయారీ తేదీ చెప్పే డాట్ నంబరు వెతికాను. చివరి నాలుగంకెలు 2212. అంటే 2012లో ఇరవై రెండో వారం, మే నెలాఖరు. పదమూడేళ్లు నిండిన టైరు.

"అన్నా, ఈ టైర్లు మార్పించారా?" అని పక్కకు పిలిచి అడిగాను.

"మార్చడమేంటి తమ్ముడూ, కొత్తవాటిలా ఉంటే! ట్రెడ్ చూడు ఎంతుందో."

"ట్రెడ్ కాదన్నా, వయసు. ఇవి 2012వి. ఈ ఎండల్లో ఐ-40 హైవే మీద ముందు టైరు పేలితే బండి మన చేతిలో ఉండదు."

"అమ్మినాయన ఇవే టైర్ల మీద తిరిగాడు. ఆయనకేమైంది? నువ్వన్నీ ఎక్కువ ఆలోచిస్తావ్."

ఈలోగా వదిన వచ్చి, "శుభమా అని బయల్దేరుతుంటే ఇప్పుడా ఆ మాటలు?" అంది. అంతే, సంభాషణ ముగిసింది. నేను అపశకునం పలికినవాణ్ణయ్యాను.

నా మాట విన్నవారు ఒక్కరే, పక్కింటాయన నాన్నగారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. డిపోలో బండి తీసేముందు టైర్లన్నీ రాడ్డుతో కొట్టి శబ్దం వినేవాళ్లమని చెప్పారు. వంగి, బొటనవేలితో ఆ పగుళ్లు తడిమారు. "ఒరేయ్, బాబు చెప్పేది నిజమేరా" అన్నారు కొడుకుతో. "నాన్నా, ఇది మన ఊరి బస్సు కాదు, ఇక్కడ టైర్లు వేరే" అని ఆయన నోరు మూయించాడు కొడుకు. ముప్ఫై ఏళ్లు జనాన్ని క్షేమంగా దించిన మనిషి మాట, యూట్యూబ్ చూసి బండి కొన్న కొడుకు దగ్గర చెల్లలేదు.

పోనీ అక్కడ చేరినవాళ్లు అమాయకులా? సగం మంది మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్లే. వాళ్లలో ఒకాయన తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్లి, "నువ్వు చెప్పింది కరెక్టే గానీ, అప్పుడు చెప్పాల్సింది కాదు" అన్నాడు. మరెప్పుడు చెప్పాలి? దారిలో అమరిల్లో ఊరు దాటాకనా?

ఇక ఆ ట్రెడ్ సంగతి. కారు టైరు అరిగి చస్తుంది, మోటర్‌హోమ్ టైరు అరగకుండానే చస్తుంది. ఏడాదికి నాలుగైదు వేల మైళ్లు కూడా తిరగని బండికి ట్రెడ్ ఎలా అరుగుతుంది? రబ్బరు ఎండకూ ఓజోన్‌కూ పగలకుండా తయారీలోనే అందులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి పైకి ఊరి పొరలా కాపాడతాయి. నెలల తరబడి కదలని టైరుకు ఆ కాపు ఉండదు. పైగా లోపలి గాలిలోని ఆక్సిజన్ నెమ్మదిగా రబ్బరులోంచి బయటికి పాకుతూ, ఉక్కు బెల్టుల మధ్య పట్టును తినేస్తుంది. అది కంటికి కనిపించదు. సొరుగులో మరిచిపోయిన రబ్బరు బ్యాండు చూడ్డానికి బాగానే ఉండి, సాగదీయగానే పుటుక్కుమన్నట్టే ఇదీను. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, నిండు బరువుతో, గంటల తరబడి పరిగెత్తించినప్పుడే ఆ సాగదీయడం జరుగుతుంది. ముందు టైరు పోతే బండి ఒక పక్కకు లాగేస్తుంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్ బిగబట్టి నిటారుగా పోనిచ్చి, మెల్లగా వేగం తగ్గనివ్వాలి. ఇది తెలిసినవాళ్లెందరు? ఆ సమయంలో వెనక మంచం మీద పెద్దావిడ నడుం వాల్చి ఉంటుంది, బెల్టు లేకుండా.

ఇవేవీ రహస్యాలు కావు. ఐదేళ్లు దాటితే ఏటా నిపుణుడికి చూపించమనీ, పదేళ్లు దాటితే చూపుకు ఎంత బాగున్నా తీసేయమనీ మిషెలిన్ కంపెనీ చెబుతోంది. ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలున్నాయి. టైర్లు అమ్ముకునేవాళ్లు అలాగే అంటారులే అని పక్కింటాయన నవ్వేశారు. సరే, అమ్ముకోనివాళ్ల మాట వినండి.

2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఒక సంగీతోత్సవం నుంచి లివర్‌పూల్ తిరిగొస్తున్న కోచ్ బస్సు, హైండ్‌హెడ్ దగ్గర ముందు టైరు పేలి చెట్టును ఢీకొంది. ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు పంతొమ్మిదేళ్ల పైమాటే. చనిపోయినవాళ్లలో మైఖేల్ మొలాయ్ అనే కుర్రాడి వయసు పద్దెనిమిది. పిల్లవాడి కంటే పెద్ద టైరు! ట్రెడ్ ఉంది కాబట్టి అప్పటి చట్టం ప్రకారం దాన్ని వాడటం నేరం కాదు. అతని తల్లి ఫ్రాన్సిస్ మొలాయ్ ఏళ్ల తరబడి ప్రభుత్వం గుమ్మాలు ఎక్కి దిగితే, పదేళ్లు దాటిన టైర్లు లారీలు, బస్సుల ముందు చక్రాలకు ఉండకూడదని 2021 ఫిబ్రవరిలో అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. కొడుకు పోయిన తొమ్మిదో ఏట.

మరి అమెరికా? ఫైర్‌స్టోన్ టైర్లు పాడై వందమందికి పైగా చనిపోయిన గొడవ బయటపడ్డాక, 2000లో హడావిడిగా కొత్త చట్టం తెచ్చారు. టైరు వృద్ధాప్యం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 2014లో రహదారి భద్రతా సంస్థ కార్ల టైర్లకు వయసు ప్రమాణం అవసరం లేదని తేల్చేసింది. టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం 10 వేల పౌండ్లు మించని బండ్లకే తప్పనిసరి. అంటే అన్నిటికంటే బరువైన ఈ బండికి అక్కర్లేదు! గుడ్‌ఇయర్ కంపెనీ జీ159 టైరు కథ ఇంకా దారుణం. 2003 దాకా తయారైన ఆ టైర్లు మోటర్‌హోమ్‌లకు బిగించారు. వాటి వల్ల ఎనిమిది మంది చనిపోయారని, 69 మంది గాయపడ్డారని భద్రతా సంస్థ లెక్క. కేసులన్నీ రాజీల్లోనూ కోర్టుల గోప్యతా ఉత్తర్వుల్లోనూ మునిగిపోయి, రీకాల్ వచ్చేసరికి 2022. టైరులో లోపమేమీ లేదని కంపెనీ అప్పటికీ అంటూనే ఉంది.

మా టెక్సాస్ అయితే ఒకడుగు ముందుకేసింది. 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మిగిలింది. తనిఖీ పోయినా దాని పేరు మీద కట్టే ఏడున్నర డాలర్లు పోలేదు, రిజిస్ట్రేషన్‌తో పాటు ఇప్పటికీ గుంజుతున్నారు. చూడటం మానేశారు, డబ్బు తీసుకోవడం మానలేదు. ప్రభుత్వమే ఇలా గాలికి వదిలేశాక, చూసేది ఇక పక్కింటివాడే. ఆ పక్కింటివాడు నోరెత్తితే అపశకునం.

ఖర్చు మాట కూడా అనేస్తాను, ఎందుకంటే అసలు కారణం అక్కడుందని నా అనుమానం. ఆరు టైర్లూ మార్చాలంటే మూడు నాలుగు వేల డాలర్లవుతాయి. తక్కువేం కాదు. కానీ అదే బండికి పైన సోలార్ ప్యానెళ్లు వేయించారు, లోపల కొత్త టీవీ పెట్టించారు, సోఫాలకు తోలు తొడిగించారు. ఇవన్నీ నలుగురికీ చూపించుకోవచ్చు. టైరును ఎవరు చూస్తారు?

వాళ్లు క్షేమంగా తిరిగొచ్చారు. దేవుడి దయ, అందుకు సంతోషమే. దిగగానే పక్కింటాయన నన్ను చూసి, "ఏం తమ్ముడూ, ఏమైంది నీ టైరు?" అని అందరి ముందూ నవ్వారు. అందరూ నవ్వారు. ఏమీ కాకపోవడమే వాళ్లకు రుజువు. ఆ వెయ్యి మైళ్లు, ఆ ఎండ, తిరుగు ప్రయాణం కలిసి ఆ టైర్లను ఇంకా ఎంత బలహీనపరిచాయో నవ్వేవాళ్లకు పట్టదు. నవ్వనిది ఆయన తండ్రి ఒక్కరే.

ఇప్పుడు ఆ బండి అమ్మకానికి పెట్టారు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటోలు వచ్చాయి, 'టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి' అని రాసి మరీ. దాని కింద నేను 2212 అని ఒక్క ముక్క రాశాను, దాని అర్థం కూడా రాశాను. కాసేపటికి అడ్మిన్‌గారు తీసేశారు. "గ్రూపులో గొడవలొద్దు, పర్సనల్‌గా మాట్లాడుకోండి" అని నాకు మెసేజ్. నేను మాట్లాడింది ఎవరి వ్యక్తిత్వం గురించీ కాదు బాబూ, ఒక రబ్బరు ముక్క పుట్టినరోజు గురించి. కొనబోయే కుటుంబం ఏదో నాకు తెలియదు, పర్సనల్‌గా ఎవరితో మాట్లాడను?

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ బండే కాదు, వాడిన మోటర్‌హోమ్ ఏది కొంటున్నా, ముందు లోపలి సోఫాలు చూడకండి. కింద కూర్చుని, డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే నంబరులో చివరి నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బయటివైపు కనిపించకపోతే లోపలివైపు ఉంటుంది, బండి కిందకు దూరండి, బట్టలు మాసినా పరవాలేదు. ఆరు టైర్లూ, స్టెప్నీ ఉంటే దాన్నీ చూడండి. పదేళ్లు దాటి ఉంటే వాటి ధర బేరంలోంచి తగ్గించుకుని, దగ్గర్లో ఉన్న టైర్ల షాపులో మార్పించాకే బండిని హైవే ఎక్కించండి.