లోపలంతా ఒకటే, పైన పెయింటే తేడా

పోయిన దసరాకి రేపల్లె వెళ్ళినప్పుడు మా అమ్మ లాప్‌టాప్ మీద టీ ఒలికింది. ఒలకబోసింది నేనే, అది వేరే సంగతి. మర్నాటికి ఒక వరసలో కీలు పనిచెయ్యడం మానేశాయి. ఊళ్ళో చూపిస్తే తెనాలి తీసుకెళ్ళమన్నారు. అమ్మా నేనూ పాసింజరెక్కి తెనాలి వచ్చి ఒక ఇరుకు రిపేరు షాపులో ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నాం.

కుర్రాడు పనిమంతుడు. పది నిమిషాల్లో కీబోర్డు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. కొత్తది తెప్పించాలంటే మూడు రోజులన్నాడు. ఇప్పుడే కావాలంటే గల్ఫ్ నుంచి వచ్చిన పీసు ఒకటుంది, మూడొందలు తక్కువకిస్తానన్నాడు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. ప్రతి కీ మీదా ఇంగ్లీషు అక్షరం, పక్కనే అరబిక్ అక్షరం.

"ఇది మాకు పనికొస్తదా బాబూ?"

"ఎందుకు రాదమ్మా, లోపలంతా ఒకటే. పైన పెయింటే తేడా."

"మరి మన పెయింటు ఏదయ్యా?"

కుర్రాడు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళుగా ఈ పెట్టెలతోనే బతుకుతున్నవాణ్ణి, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టనే లేదు.

"తెలుగుకి అక్షరాలెక్కువ, కీబోర్డులో పట్టవు" అనే మాట మన సాహిత్య సభల్లో, ఇలాంటి పత్రికల కామెంట్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చదువుకున్నవాళ్ళే అంటారు. కవులే అంటారు. ఇది అబద్ధం. ఎందుకు అబద్ధమో ఆ బల్ల మీద విప్పి పెట్టిన కీబోర్డే చెప్తుంది.

లాప్‌టాప్ కీ కింద కత్తెరలా ఒకదానికొకటి అడ్డంగా దూర్చిన రెండు ప్లాస్టిక్ ముక్కలుంటాయి. కీ ఏ మూల నొక్కినా పక్కకి ఒరక్కుండా తిన్నగా దిగడానికి అవి. మధ్యలో చిన్న రబ్బరు బుడిపె. అది నొక్కుకుని మళ్ళీ లేస్తుంది, మన వేలికి తెలిసే ఆ చిన్న 'టక్' దానిదే. మొత్తం దిగే లోతు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటే గొప్ప. దాని కింద మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు. పై పొరకీ కింది పొరకీ వెండి కలిసిన సిరాతో గీసిన గీతలుంటాయి. నడిమి పొరకి కీ ఉన్న చోటల్లా ఒక చిల్లు. నొక్కితే ఆ చిల్లులోంచి పై గీత కింది గీతకి తగులుతుంది, అంతే. గీతలు కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా వెళ్తాయి. ఒక చిన్న చిప్ సెకనుకి ఎన్నోసార్లు ఒక్కో గీతలోకీ కరెంటు పంపి ఎక్కడ కలిసిందో చూసుకుంటూ కూర్చుంటుంది. మేం ఒలకబోసిన టీ చక్కెరతో సహా ఆ పొరల మధ్యకి పోయింది. ఒక గీత పాడైతే దాని మీదున్న కీలన్నీ పోతాయి కాబట్టే మాకు వరస మొత్తం పోయింది.

గమనించండి, ఇంతవరకూ ఎక్కడా అక్షరం రాలేదు. 'కె' అని రాసున్న కీ నొక్కితే చిప్ 'కె' అని చెప్పదు. పీసీల్లో తరాలుగా వాడుతున్న పట్టిక ప్రకారం 37 అంటుంది. వదిలితే 165 అంటుంది. ఆ 37ని ఇంగ్లీషు 'కె' అనుకోవాలో, గ్రీకు కప్పా అనుకోవాలో, మన 'క' అనుకోవాలో తేల్చేది విండోసో లినక్సో. కీబోర్డుకి ఇంగ్లీషు రాదు, తెలుగూ రాదు. దానికి వచ్చిందల్లా ఫలానా చోట నొక్కారు, ఫలానా చోట వదిలారు అని చెప్పడం.

బాపట్లలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మైక్రోప్రాసెసర్ ల్యాబులో నాలుగు వరసలు, నాలుగు నిలువుల కీప్యాడ్‌కి ప్రోగ్రాం రాశాం. ఏ కీ నొక్కారో కనిపెట్టాలి, ఒక నొక్కుకి స్ప్రింగు అదిరి నాలుగు నొక్కులుగా కనపడకుండా కొన్ని మిల్లీసెకన్లు ఆగాలి, వచ్చిన అంకె బోర్డు మీద వెలగాలి. రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం. ఆ అంకెకి ఏ అక్షరమైనా తగిలించొచ్చని తెలిసి కూడా, మా క్లాసు మొత్తంలో 'క' తగిలిద్దామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. తెలుగు మీడియంలో పది దాకా చదివినవాళ్ళం సగం మందిమి ఉన్నాం ఆ క్లాసులో.

ఇక "పట్టవు" అనే మాట. మామూలు కీబోర్డు మీద అక్షరాలకీ, అంకెలకీ, గుర్తులకీ కలిపి 47 కీలుంటాయి. షిఫ్ట్‌తో 94 చోట్లు. మన అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ అన్నీ అందులో పడతాయి. సీసం అక్షరాల రోజుల్లో 'క్ష్మి'కి అచ్చు పోయాల్సి వచ్చేది, కంపోజిటరు ముందు వందల గళ్ళుండేవి, అది నిజమే. ఇప్పుడు ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చూసుకునేది ఫాంటు. మనం క, పొల్లు, ష అని వరసగా చెప్తే చాలు. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన చోట్లు మొత్తం 128, అందులో కొన్ని ఇప్పటికీ ఖాళీ.

దీనికి కీబోర్డు పటం కూడా ఎప్పుడో వేశారు. ఇన్‌స్క్రిప్ట్ అంటారు. 1980ల్లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ తయారుచేయించింది, 1991లో బీఐఎస్ ప్రమాణంలోకి ఎక్కింది. ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి హల్లులు. క ఉన్న కీకే షిఫ్ట్ కొడితే ఖ. విండోస్ ఎక్స్‌పీ నుంచీ ప్రతి విండోస్‌లోనూ ఉంది. 'బాపట్ల' ఆరు నొక్కులు. ఇంగ్లీషు అక్షరాలతో అయితే ఎనిమిది. అంటే పెట్టెలో చిప్ సిద్ధం, విండోస్ సిద్ధం, ఫాంటు సిద్ధం. లేనిది కీ మీద పెయింటు ఒక్కటే. కనపడని అక్షరాన్ని ఎవడు వెతుక్కుంటాడు?

ఇన్‌స్క్రిప్ట్ మహా గొప్పదని నేననను. అన్ని భారతీయ లిపులకీ ఒకే పటం అన్నారు గానీ దేవనాగరిని ముందు కూర్చోబెట్టి మిగతా వాళ్ళని సర్దారు. హిందీకి హ్రస్వ ఎ, ఒ లతో పని లేదు. అందుకని దీర్ఘ ఏత్వం వేళ్ళకింద వరసలో హాయిగా ఉంటే, మన ఎత్వం ఎడమ చిటికెన వేలు కిందకి వంగితే గానీ అందని 'జెడ్' కీ మీద పడింది. 'తెలుగు' అని కొట్టాలంటే రెండో నొక్కుకే అక్కడికి పోవాలి. 'తెనాలి' కూడా అంతే. ఒత్వం ఇంకా దూరం, ట్యాబ్‌కి పైన కొసాకరి కీ. 'ఒరేయ్' అనాలంటే షిఫ్ట్ పట్టుకుని ఆ కొసకి పోయి మొదలుపెట్టాలి. ఆ పటం వేసినవాళ్ళ ఇళ్ళల్లో అమ్మలెవరూ ఒరేయ్ అని పిలవరు కాబోలు. అయినా సరే, లోపమున్న పటం కళ్ళ ముందుంటే దాంతో పోట్లాడొచ్చు, మార్చమని అడగొచ్చు. తమిళులు 1999లో ఒక సదస్సు పెట్టుకుని, తర్జనభర్జనలు పడి, తమ భాషకి సరిపడా తమిళ్99 తేల్చుకున్నారు. వాళ్ళ ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. మనం పోట్లాడలేదు. ఇంగ్లీషు సందులోంచి దూరిపోయాం.

ఆ సందు నాకూ అన్నం పెట్టినదే. 90ల్లో రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ పద్ధతి కట్టకపోతే, ఆ తర్వాత వీవెన్ లేఖిని చెయ్యకపోతే, తెలుగు బ్లాగులు లేవు, ఈ పత్రికలు ఇలా ఉండేవి కావు, ఈ వ్యాసమూ లేదు. ఆ రుణం ఉంది. కానీ అది ఇంగ్లీషు కీబోర్డుకి అలవాటుపడ్డ వేళ్ళకి వేసిన తాత్కాలికపు బల్లకట్టు. వంతెన కట్టమని అడగడం మానేసి బల్లకట్టు మీదే కాపురం పెట్టాం.

నా వేళ్ళకి సరే, మా అమ్మ వేళ్ళకి? ఆవిడ ముప్పై ఏళ్ళపైన తెలుగు చెప్పి రిటైరైన టీచరు. 1977 నవంబరు ఉప్పెన నాటికి పదిహేనేళ్ళ పిల్ల. రేపల్లె తాలూకాలో తను చూసింది తన మాటల్లో రాసుకోవాలని ఆవిడ కోరిక. నోటుబుక్కులో రాస్తే చెయ్యి వణుకుతోంది, ఫోన్లో అక్షరాలు ఆనట్లేదు, అందుకని లాప్‌టాప్ కొనిపెట్టాను. కొనిపెట్టి, గొప్ప కొడుకులా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం నేర్పాను. మొదటి రోజు "నా కళ్ళతో చూశాను" అని కొట్టింది. "నా కల్లుతో చూశాను" అని వచ్చింది. ళ కావాలంటే పెద్ద 'ఎల్' కొట్టాలి అన్నాను. గొడ్డూ గోదా అని కొడితే గొద్దూ గోదా. పెద్ద 'డి' కొట్టాలి అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల పలక మీద ల-ళ, ద-డ దిద్దించిన మనిషిని పట్టుకుని, తెలుగు మాటని ముందు ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చుకో, తర్వాత అదే తెలుగవుతుంది అని చెప్తున్నాను. ఆవిడ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. "తెలుగు రాయాలంటే ముందు ఇంగ్లీషు రావాలంటావు, అంతేగా?" అంది. అంతే మరి.

మన పుస్తక సమీక్షల్లో ఆఖరి పేరా ఒకటుంటుంది, నేనూ చాలా రాశాను: "అచ్చుతప్పులు పంటికింద రాళ్ళలా ఉన్నాయి." శ, ష, స తారుమారవడం, ణ రావాల్సినచోట న ఉండటం భాష రానితనమని తీర్పులిచ్చాం. చాలా మటుకు అవి షిఫ్ట్ కీ తప్పులు. స అనుకున్న బుర్ర స మీదే వేలు పెట్టే వీలుంటే ఆ తప్పుల్లో సగం పుట్టవు.

తెనాలిలోనే నాకు తెలిసిన డీటీపీ ఆపరేటరొకాయన ఉన్నారు. పెళ్ళి శుభలేఖ నుంచి కవిత్వ సంపుటి దాకా అనూ ఫాంట్లలో, ఆపిల్ లేఅవుట్లో, కీబోర్డు వైపు చూడకుండా కొడతారు. ఆయన ముందున్న కీబోర్డు మీద తెలుగక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలూ సగం అరిగిపోయాయి. ఏ అక్షరం ఎక్కడుందో ఆయన వేళ్ళకి తెలుసు. ఎలా నేర్చుకున్నారంటే, మొదట్లో ఒక అట్టముక్క మీద పటం గీసి మానిటరుకి అంటించుకున్నానన్నారు. తెలుగు టైపు కొట్టే ప్రతి ఆపరేటరూ అలా ఒక అట్టముక్కతోనే మొదలయ్యుంటాడు. మన పుస్తకాలన్నీ ఆ వేళ్ళ మీదుగా వచ్చినవే. ముందుమాటలో కృతజ్ఞతల్లో ఆయన పేరు ఎన్ని పుస్తకాల్లో ఉందో చూడండి.

కంపెనీల వాదన నాకు తెలుసు. ఇరవై రెండు భాషలు, అన్ని రకాల స్టాకు పెట్టలేం అంటారు. గ్రీసు జనాభా కోటి చుట్టుపక్కల, వాళ్ళకి గ్రీకు అక్షరాలతో లాప్‌టాప్ వస్తుంది. ఇజ్రాయెల్‌కి హీబ్రూతో వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 8 కోట్ల పైన. మన దగ్గర మార్చడమే కుదరదనీ కాదు. 2010లో రూపాయికి గుర్తు వచ్చింది. ఇప్పుడిక్కడ అమ్మే చాలా లాప్‌టాప్‌ల మీద 4 కీ మూలన ₹ కూర్చుని ఉంది. డబ్బు గుర్తుకి దొరికిన జాగా అక్షరానికి దొరకలేదు. ఫోన్ల సంగతి చూడండి. భారతీయ భాషలు చదవడానికీ కొట్టడానికీ వీలుండాలని 2016లో కేంద్రం ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది.

అడిగితే మారుతుందనడానికి దూరపు ఉదాహరణ కూడా ఉంది. 2015లో ఆపిల్ కత్తెర తీసేసి 'బటర్‌ఫ్లై' అనే పల్చటి మెకానిజం పెట్టింది. కాస్త దుమ్ము పడితే కీలు ఇరుక్కునేవి. జనం ఊరుకోలేదు, కోర్టుకెళ్ళారు. 2018లో ఉచితంగా బాగుచేసిచ్చే పథకం పెట్టారు, 2019లో మళ్ళీ కత్తెరకి తిరిగొచ్చారు, 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీపడ్డారు. కీ సరిగ్గా లేవట్లేదని అంత గొడవ. మన అక్షరం కీ మీద లేనేలేదని మనం ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. నేను రాయలేదు. ఇది చదువుతున్న మీలో ఎవరైనా రాసుంటే చెప్పండి, క్షమాపణ చెప్పుకుంటాను.

"ఇప్పుడు మాట్లాడితే అదే కొడుతుందిగా, ఇంకా కీబోర్డు గొడవేంటి" అంటాడు మా ఆఫీసు మిత్రుడు. అమ్మ చేత అదీ చేయించాను. "మా ఊళ్ళో శవాలు" అనగానే గొంతు పూడుకుపోయి ఆగిపోయింది. మైకు ఆ నిశ్శబ్దానికి వాక్యం అయిపోయిందనుకుని ఆపేసింది. రాసేవాళ్ళు ఆగుతారు, కొట్టేస్తారు, మళ్ళీ మొదలెడతారు. కొన్ని సంగతులు పక్కగదిలో మనుషులుండగా పైకి చెప్పలేరు కూడా.

చివరికి ఆ గల్ఫ్ కీబోర్డే వేయించాం. ఆపరేటరు గారితో ఇన్‌స్క్రిప్ట్ అక్షరాలు స్టిక్కరు కాగితం మీద కొట్టించి, కత్తిరించి, అరబిక్ అక్షరాల మీద ఒక్కొక్కటే అంటించాను. నూట ఇరవై రూపాయలైంది. ల కింద, ళ పైన, రెండూ కనపడతాయి. అమ్మ మొదటి పేజీకి నాలుగు రోజులు పట్టింది, ఇప్పుడు రోజుకో పేజీ అవుతోందట. కళ్ళు కళ్ళుగానే వస్తున్నాయి. స్టిక్కర్లు మాత్రం చెమటకి లేస్తున్నాయి. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, ఎత్వం ఊడిపోయింది, ఈసారి వచ్చేటప్పుడు ఇంకో రెండు షీట్లు కొట్టించుకురా" అంది.