పాఠకుని చిరునామా ఒక ఇల్లడ



తన పుస్తకాన్ని తానే అచ్చువేయించుకొని, అంతర్జాలంలో తానే దుకాణం తెరచి అమ్ముకొనే రచయితలు నేడు మనలో చాలామంది ఉన్నారు. సంతోషమే. తెలుగువారికి స్వయంప్రచురణ కొత్త కాదు. చందాదారులను కూడగట్టి గ్రంథాలు వెలువరించిన కాలం ఒకటి, వి.పి.పి.లో పంపి సొమ్ము కొరకు ఎదురుచూచిన కాలం మరొకటి. అయితే నేటి దుకాణాలలో ముఖచిత్రం, వెల, ప్రశంసలు కనిపించినంత స్పష్టంగా రెండు సంగతులు కనిపించవు. అమ్మకపు షరతులేమిటి? కొన్నవారి పేరు, చిరునామా, ఫోను నంబరు పుస్తకం చేరిన పిమ్మట ఏమవుతాయి?

మా కొత్తచెరువు వంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. సాహిత్యగ్రంథం కావాలంటే ధర్మవరమో హిందూపురమో వెళ్లినా దొరుకుతుందన్న నమ్మకం లేదు, తపాలాయే దిక్కు. నగరంలో ఇంటి నంబరు, వీధి పేరు రాస్తే సరిపోతుంది. మేమైతే తండ్రి పేరో భర్త పేరో, ఫలానా గుడి వెనుక అన్న ఆనవాలో, పోస్టుమాన్ పిలవడానికి ఫోను నంబరో చేర్చవలెను. ఇన్ని వివరాల పక్కన పుస్తకం పేరు కూడా చేరితే అది వట్టి చిరునామా కాదు, ఆ మనిషి ఆలోచనలకు ఆచూకీ. నిత్యపూజలు జరిగే ఇంటి కుర్రవాడు హేతువాద గ్రంథం తెప్పించుకోవచ్చు. అత్తింట బాధపడుతున్న ఇల్లాలు విడాకుల చట్టం గురించిన పుస్తకం తెప్పించుకోవచ్చు. ఊరంతా ఎరిగినవారే అయిన చోట ఆ సంగతి పొక్కితే కలిగే నష్టం పుస్తకం వెలతో తీరేది కాదు.

మనవారు చేస్తున్నదేమి? పొట్లాలన్నీ పేర్చి, చిరునామాలు చదవడానికి వీలుగా ఫొటో తీసి ఫేస్‌బుక్కులో పెడతారు. కొన్నవారందరినీ అడగకుండానే ఒక వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది. తోటి రచయిత అడిగితే జాబితా మొత్తం ఇచ్చివేస్తారు. ఒక కవితాసంపుటి కొరకు నేనిచ్చిన నంబరుకు, నేనెన్నడూ ఎరుగని ముగ్గురు కవుల ఆవిష్కరణసభల ఆహ్వానాలు వచ్చినవి. ఇందులో దుర్బుద్ధి లేదు, చనువు ఉన్నది. ఆ చనువు మనమిచ్చినది కాదన్నదే నా అభ్యంతరం.

తెలుగులో ఇల్లడ అని చక్కని మాట ఉన్నది. నమ్మి మరొకరి వద్ద దాచిన సొత్తు అని అర్థం, సంస్కృతంలో నిక్షేపం. మనుస్మృతిలో నేడు అంగీకరింపరానివి అనేకం ఉన్నవి. కాని అందులో పేర్కొన్న పద్దెనిమిది వివాదపదాలలో రెండు మన విషయానికి సరిగా సరిపోతాయి. ఒకటి నిక్షేపం. రెండవది క్రయవిక్రయానుశయం, అనగా కొన్న పిమ్మట, అమ్మిన పిమ్మట కలిగే పశ్చాత్తాపం. దానికి పది దినాల గడువు చెప్పినారు. చిరునామా మొదటి దాని కిందికి, పుస్తకం వాపసు రెండవ దాని కిందికి వస్తాయి.

నేటి చట్టమూ ఇదే చెబుతున్నది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు మొత్తం ధరను, అందులోని ఖర్చులను విడివిడిగా చూపవలెనని, వాపసు సంగతి ముందే తెలుపవలెనని, సమ్మతి గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచరాదని విధించినవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఏ పనికి ఇచ్చినారో ఆ పనికే. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. ప్రధాన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చినారు. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించవలెనని కూడా ఆ చట్టం అన్నది. అందులో తెలుగు ఉన్నది. అయినను తెలుగు పుస్తకం అమ్మే చోట ఎక్కడినుండో దించిన ఇంగ్లీషు షరతులు వేలాడుతుంటాయి. పదమూడవ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంలో ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో చెప్పగలిగినాడు. మనము నాలుగు తెలుగు వాక్యాలు రాయలేమా?

“అయిదు వందల ప్రతులు వేసి అప్పులపాలైన రచయితకు పాఠకుల జాబితాయే పెట్టుబడి, తరువాతి పుస్తకం సంగతి ఎవరికి చెప్పుకోవలె?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. అడిగి చెప్పుకోవలెను. పొట్లంలో చిన్న చీటీ ఉంచి, కొత్త పుస్తకం సంగతి కావలసినవారు తెలుపగలరని రాస్తే చాలు. అట్లా వచ్చిన యాభై పేర్లు, అడగక పోగుచేసిన అయిదు వందల పేర్లకంటె మేలు.

నా దృష్టిలో దుకాణం ముంగిట ఉండవలసిన షరతులివి. వెల ఇంత, తపాలా ఖర్చు ఇంత. సొమ్ము చేరిన ఇన్ని దినాలలో పంపుతాము. పుటలు తారుమారైనా, ఖాళీగా ఉన్నా, దారిలో పుస్తకం పోయినా మా ఖర్చుతో మరొకటి పంపుతాము. నచ్చలేదన్న కారణానికి తిరిగి తీసుకొనేదీ లేనిదీ ఇదిగో. మీ వివరాలు పుస్తకం పంపడానికే; ఎవరికీ ఇవ్వము; లెక్కలకు అవసరమైనవి తప్ప తక్కినవి చెరిపివేస్తాము. పొట్లంపై పుస్తకం పేరు రాయము. సందేహముంటే ఈ నంబరుకు ఫోను చేయండి.

దుకాణం నడుపుతున్న మిత్రులు తరువాతి పొట్లం కట్టేలోగా ఈ మాటలు తమ సొంత తెలుగులో రాసి పెట్టగలరని మనవి.