దెబ్బకు కథ ఉండాలా, మనిషి ఉండాలా?

కథకు అవసరమైతేనే ఫైటు ఉండాలి, లేకపోతే అది దండగ అనే మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. సినిమాల గురించి పుట్టిన ఆ మాట ఇప్పుడు అభిమానులు తయారుచేసే యానిమేషన్ లఘుచిత్రాల విషయంలోనూ వినిపిస్తోంది. ఒక సినిమానో, వీడియో గేమునో, కార్టూన్ సీరియల్‌నో ఇష్టపడిన కుర్రవాళ్లు అందులోని పాత్రలను తీసుకుని, సొంతంగా బొమ్మలు కదిలించి చేసే కొద్ది నిమిషాల చిత్రాలివి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మన హాస్టళ్లలో ఒక సెల్‌ఫోను చుట్టూ పదిమంది చేరి చూసేవాటిలో ఇవి కూడా ఉన్నాయి. వీటిలో చాలావరకు కొట్లాటలే. చూసే తమ్ముళ్లు "భలే ఉందన్నా" అంటారు. పెద్దవాళ్లు "కథేదిరా? ఊరికే కొట్టుకోవడమేనా?" అంటారు.

ఇందులో ఎవరి మాట సరైనది? మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అభిమానులు చేసే చిన్న చిత్రంలో ఫైటు కథను ముందుకు నడిపి తీరాలనే నియమం అక్కర్లేదు. కానీ ఆ ఫైటులో మనిషి ఉండాలి. కొట్టేది ఎవరు, దెబ్బ తినేది ఎవరు, ఆ దెబ్బ బరువెంత అన్నది చూసేవాళ్లకు తెలియాలి. అది లేకపోతే ఎంత గొప్ప కథ తగిలించినా ఆ ఫైటు ఉత్తదే.

ముందు ఈ పనిలో ఉన్న కష్టం చూద్దాం. సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. చేత్తో బొమ్మలు గీసేవాళ్లు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. రెండు నిమిషాల చిత్రానికి 1,440 బొమ్మలు కావాలి. జీతం ఇచ్చేవాళ్లు లేరు, తోడుగా పనిచేసేవాళ్లు లేరు. కాలేజీ నుంచి వచ్చాక, ఉద్యోగం నుంచి వచ్చాక, నిద్ర మానుకుని ఒక్కరే కూర్చుని చేసే పని ఇది. అలాంటివాళ్లకు రెండున్నర గంటల సినిమా కొలత పెట్టడం న్యాయమేనా?

పెద్ద సినిమాలో కథను ఆపేసి ఫైటు పెడితే మనకు విసుగు రావడం సహజం. అక్కడ మనం కథ కోసం టిక్కెట్టు కొన్నాం. అభిమానులు చేసే చిత్రం సంగతి వేరు. దాని కథ తెర మీద ఉండదు, చూసేవాళ్ల మనసులో ముందే ఉంటుంది. ఆ పాత్ర ఎవరో, దాని పగ ఏమిటో, దాని బలహీనత ఏమిటో వాళ్లకు తెలుసు. అందుకే తయారుచేసినవాళ్లు పరిచయాలు వదిలేసి నేరుగా ఘట్టంలోకి దిగుతారు.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. చిందు భాగవతం చూడటానికి వచ్చినవాళ్లలో కథ తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారు? చివరికి ఎవరు గెలుస్తారో ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఫలానా వేషం ఎలా వస్తుంది, ఎలా అడుగేస్తుంది, ఎలా తలపడుతుంది అని చూడటానికే కూర్చుంటారు. తోలుబొమ్మలాట కూడా అంతే. దీపం వెలుగులో తెర మీద బొమ్మలు కదిలించడంలో మనవాళ్లు ఎప్పుడో ఆరితేరారు. రామరావణ యుద్ధం వచ్చేసరికి ఆడించేవాళ్ల కాళ్లకింద చెక్కల చప్పుడు, తెర మీద బొమ్మల కదలిక కలిసి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ యుద్ధం కథలో కొత్త మలుపు ఏమీ తేదు. నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం కొత్త కథ కల్పించినందుకు వచ్చింది కాదు, తరతరాలుగా తెలిసిన కథలోని బొమ్మకు ప్రాణం పోసే విద్యకు వచ్చింది.

ఇప్పుడు జపాన్ సంగతి చూద్దాం. 1981లో ఒసాకా నగరంలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మహాసభ జరిగింది. దాని ప్రారంభంలో వేయడానికి కొందరు విద్యార్థులు 'దైకాన్ 3' అనే చిన్న యానిమేషన్ చిత్రం చేశారు. అందులో ముఖ్యులు హిదెయాకి అన్నో, హిరోయుకి యమగా, తకామి అకాయి. ముగ్గురూ ఒసాకా కళల విశ్వవిద్యాలయం విద్యార్థులు. యానిమేషన్‌కు వాడే అసలైన సెల్ షీట్లు కొనే స్తోమత లేక వినైల్ ప్లాస్టిక్ షీట్ల మీద గీశారు. కథ ఒక్క వాక్యంలో అయిపోతుంది. వీపున స్కూలు బ్యాగు తగిలించుకున్న ఒక చిన్న పాపకు గ్లాసెడు నీళ్లిచ్చి ముల్లంగి మొక్కకు పోయమంటారు. దారిలో రాక్షసులు, యంత్రాలు అడ్డం పడతాయి. అన్నిటితో పోరాడి ఆ పాప నీళ్లు తీసుకెళ్లి పోస్తుంది. ముల్లంగి అంతరిక్ష నౌక అవుతుంది. జపాన్ భాషలో ముల్లంగిని దైకాన్ అంటారు. సభ పేరు మీద వేసిన చమత్కారం అది.

ఆ చిత్రంలో దాదాపు అంతా ఫైటే. అయినా మన చూపు ఆ గ్లాసు మీదే ఉంటుంది. నీళ్లు ఒలికిపోతాయేమో అన్న భయమే ఆ ఫైటుకు ప్రాణం. దీన్ని చూపించి, కథ ఉంటేనే ఫైటు రాణిస్తుందని ఎవరైనా అనవచ్చు. కానీ అదే బృందం 1983లో 'దైకాన్ 4' చేసింది. అందులో ఆ గ్లాసు పనీ లేదు. పెరిగి పెద్దదైన ఆ అమ్మాయి తమకు నచ్చిన సినిమాల్లోని, కథల్లోని పాత్రలందరితో తలపడుతుంది, కత్తి మీద ఎక్కి ఆకాశంలో ఎగురుతుంది, పేలుళ్లు జరుగుతాయి. కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా అభిమానులు ఈనాటికీ ఎక్కువగా తలచుకునేది దాన్నే. ఎందుకంటే ఆ కదలికలో ఆ కుర్రవాళ్ల ఆనందం కనిపిస్తుంది, రెండేళ్లలో వాళ్ల చెయ్యి ఎంత తిరిగిందో కనిపిస్తుంది. అన్నో 1984లో మియజాకి తీసిన 'నౌసికా' చిత్రంలో పనిచేశాడు. ఈ మిత్రులే గైనాక్స్ అనే సంస్థ పెట్టారు. 1987లో ఆ సంస్థ తొలి సినిమాకు యమగా దర్శకుడు. 1995లో అన్నో 'ఎవాంజెలియన్' తీశాడు. ముందు కథ తెచ్చుకుని తర్వాత బొమ్మ ముట్టుకోండి అని ఎవరైనా వాళ్లను ఆపి ఉంటే ఇవన్నీ ఎక్కడ ఉండేవి?

అమెరికాలో మాంటీ ఓమ్ అనే యువకుడు స్కూలు చదువు మధ్యలో మానేసి, సొంతంగా కంప్యూటర్ యానిమేషన్ నేర్చుకున్నాడు. 2007లో 'హేలాయిడ్' చేశాడు. రెండు వేర్వేరు వీడియో గేముల వీరులను ఎదురెదురుగా నిలబెట్టి కొట్లాడించాడు. అదే ఏడాది మొదలుపెట్టిన 'డెడ్ ఫాంటసీ'లో కథ ఇంకా తక్కువ. ఆ ఫైట్లు చూసే ఒక స్టూడియో అతన్ని పనిలోకి తీసుకుంది. 2013లో 'రూబీ' అనే తన సొంత సీరియల్ మొదలైంది. 2015లో 33 ఏళ్లకే చనిపోయాడు. ఆ సీరియల్ మీద ఒక విమర్శ ఉంది. ఫైట్లు కుదిరినంతగా కథ కుదరలేదని చాలామంది అన్నారు. ఆ విమర్శను మేము కొట్టిపారేయడం లేదు. అయిదు నిమిషాల చిత్రానికి సరిపోయిన బలం అయిదు గంటల సీరియల్‌కు సరిపోదు. పొడవైన కథ చెప్పదలచుకుంటే కథ చెప్పడమూ నేర్చుకోవాల్సిందే.

మరి చిన్న చిత్రమైతే ఎలా కొట్టుకున్నా ఫరవాలేదా? ఫరవాలేదని మేము అనం. ఒకరు పిడికిలి బిగిస్తారు, ఎదుటివాళ్లు ఎగిరి గోడకు కొట్టుకుంటారు, వెంటనే లేస్తారు, మళ్లీ ఎగురుతారు. ఇలా అయిదు నిమిషాలు సాగే చిత్రాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. వాటిలో లేనిది కథ ఒక్కటే కాదు, బరువు కూడా. బిందె ఎత్తే మనిషి ముందు మోకాలు వంచుతుంది, నడుం సర్దుకుంటుంది, ఎత్తాక ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ మూడూ గీయకపోతే అది ఖాళీ బిందె. దెబ్బ కూడా అంతే. కొట్టేముందు వెనక్కి జరగడం, తగిలాక ఒళ్లు ఊగడం, లేవడానికి పట్టే సమయం, ఇవి ఉంటేనే అక్కడ ఒక మనిషి ఉన్నట్టు.

బరువుతోపాటు స్వభావమూ తెలియాలి. 'ఆస్టార్టీస్' అనే చిత్రమాల దీనికి మంచి ఉదాహరణ. 'వార్‌హామర్ 40,000' అనే ఆట మీద అభిమానంతో శ్యామా పెడర్సన్ అనే కళాకారుడు దాదాపు ఒక్కడే 2018 నుంచి 2020 వరకు అయిదు భాగాలుగా చేశాడు. మాటలు దాదాపు లేవు. సైనికులు శత్రువుల నౌకలోకి దూకి పోరాడటమే విషయం. కానీ వాళ్లు ఒక్క అడుగు కూడా వృథాగా వేయరు, ఒకరి వెనుక ఒకరు ఎలా కాచుకుంటారో చూస్తే చాలు, వాళ్ల శిక్షణ, వాళ్ల క్రూరత్వం, వాళ్ల నమ్మకం అన్నీ మనకు అర్థమవుతాయి. ఫైటే అక్కడ మాట్లాడుతుంది.

ఇక మాకు అన్నిటికంటే ముఖ్యమని తోచిన విషయం ఒకటి ఉంది. కథకు పనికొచ్చే ఫైటు మంచిది, పనికిరానిది చెడ్డది అనే కొలతలో ఒక పెద్ద లోపం ఉంది. మన సినిమాలు గుర్తు చేసుకోండి. హీరో పాతికమందిని కొడతాడు. కథకు అది అవసరమే, హీరో గొప్పతనం తెలియాలి కదా. కానీ ఆ పాతికమంది ఎవరు? వాళ్లకు పేర్లుండవు, మాటలుండవు. నల్లగా ఉంటారు, చిరిగిన చొక్కాలు వేసుకుంటారు, మన బస్తీల్లో, మన పేటల్లో కనిపించే మనుషుల్లాగే ఉంటారు. దెబ్బ తిని పడిపోయాక కెమెరా మళ్లీ వాళ్లవైపు తిరగదు. ఆ ఫైటు కథకు నూటికి నూరుపాళ్లు ఉపయోగపడింది. అయినా అందులో మనిషి లేడు. ఊరికే పడే దెబ్బలు, లెక్కలోకి రాని దెబ్బలు ఎలా ఉంటాయో మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. కాబట్టి మనం అడగవలసిన మొదటి ప్రశ్న కథ గురించి కాదు. దెబ్బ తినేవాళ్లను ఎలా గీశారన్నదే ఆ ప్రశ్న.

అలెన్ బెకర్ అనే అమెరికా కుర్రవాడు స్కూలు వయసులోనే 2006లో 'యానిమేటర్ వర్సెస్ యానిమేషన్' చేశాడు. నాలుగు గీతలతో గీసిన బొమ్మ అది. గీసినవాడు దానికి 'బాధితుడు' అని పేరు పెట్టి ఆటపట్టిస్తాడు. ఆ బొమ్మ ఊరుకోదు. కంప్యూటర్ తెర మీది పనిముట్లనే ఆయుధాలు చేసుకుని, తనను గీసినవాడి మీదే తిరగబడుతుంది. ముఖం కూడా సరిగా లేని ఆ బొమ్మ పక్షాన మనం నిలబడిపోతాం. అక్కడ ఫైటే కథ. దెబ్బ తినే బొమ్మకు ఒక పేరుంది, ఒక పట్టుదల ఉంది, అంతే.

హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన దగ్గర ప్రతి పనికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. "దీనివల్ల ఏం లాభం?" ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం కాబట్టి ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం మాకు తెలుసు. అమ్మానాన్నలు కూలికి పోయి పంపిస్తే చదువుకుంటున్నవాళ్లం, సమయం పాడుచేయకూడదు. నిజమే. కానీ నోటుపుస్తకం మూలల్లో బొమ్మలు గీసి, పేజీలు గబగబా తిప్పి, ఇద్దరు కొట్లాడుకుంటున్నట్టు చూపించి నవ్వే పిల్లవాణ్ని "కథేది? లాభమేది?" అని అడిగితే వాడు పుస్తకం మూసేస్తాడు. కర్రసాము నేర్చుకునేవాళ్లు మొదటిరోజే యుద్ధానికి పోరు. చెయ్యి తిరగడానికి కర్ర తిప్పుతారు. కొట్లాట గీయడం కూడా అలాంటి సాధనే. ఒంటి బరువు, వేగం, దూరం, సమయం అన్నీ అందులో ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది.

ఇష్టం ఉన్నవాళ్లు మొదలుపెట్టండి. బ్లెండర్, పెన్సిల్ టూడీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్ లేకపోతే నోటుపుస్తకం చాలు. మొదట మన మైదానంలో రోజూ చూసే కబడ్డీ గీయండి. కూత పెట్టి వెళ్లినవాడు గీత దాటి వెనక్కి రాగలడా లేదా, అంతకంటే కథ అక్కర్లేదు. పట్టుకున్నవాళ్ల చేతుల్లో బలం, విడిపించుకునేవాడి కాళ్లలో తపన కనిపిస్తే మీరు గెలిచినట్టే. ఇతరుల పాత్రలు తీసుకుంటే అవి వాళ్ల సొత్తని గుర్తుంచుకోండి. సాధనకు వాడుకోండి, అమ్ముకోవడానికి కాదు. చెయ్యి తిరిగాక మీ పాత్రలు మీరే పుట్టించండి. అప్పుడు మన పేట మనుషులు, మన హాస్టల్ పిల్లలు తెర మీదికి రావాలి.

పెద్దలకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. పిల్లలు అలాంటి బొమ్మ ఒకటి తెచ్చి చూపిస్తే, కథ ఏమిటని వెంటనే అడగకండి. "కింద పడ్డవాడు ఎవరురా? ఇప్పుడు ఎలా లేస్తాడు?" అని అడిగి చూడండి. జవాబు కోసం వాళ్లు ఇంకో వంద బొమ్మలు గీస్తారు.