డిశ్చార్జి తర్వాతే అసలు పరీక్ష

మద్యం మీద మన చర్చ దుకాణాల దగ్గర మొదలై దుకాణాల దగ్గరే ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో కొత్త విధానం వచ్చినప్పుడు 3,396 దుకాణాల గురించి, 99 రూపాయల క్వార్టర్ గురించి మాట్లాడుకున్నాం. తెలంగాణలో 2025లో 2,620 దుకాణాలకు లాటరీ తీసినప్పుడు దరఖాస్తు ఫీజు 3 లక్షలు అయిందని చెప్పుకున్నాం. మానేయాలనుకున్న మనిషి ఎక్కడికి వెళ్లాలన్న మాట మాత్రం రెండు చోట్లా పెద్దగా వినిపించలేదు.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికే. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందిలో ఒక్కరు.

ఆ ఒక్కరి సంగతే చూద్దాం. మా వార్డుకు వచ్చేవారిలో చాలామంది తాగుడు మానడానికి రారు. కామెర్లతోనో, రక్తపు వాంతులతోనో, ఉన్నట్టుండి మానేసిన రెండో రోజు ఫిట్స్‌తోనో వస్తారు. వారం పది రోజుల్లో వణుకు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది. ఇంటికి పంపేటప్పుడు భార్య అడిగేది ఒక్కటే: ‘మళ్లీ తాగకుండా ఏదైనా మందు రాయండి సార్.’

మందులు ఉన్నాయి, కొందరికి బాగా పనిచేస్తాయి కూడా. కానీ మేం వార్డులో తగ్గించేది ఒంట్లోని విషాన్ని. సాయంత్రం ఆరు గంటలకు కాళ్లు అటువైపే లాగడం, పాత స్నేహితుడి ఫోన్, జీతం అందిన రోజు... ఇవి ఆయనతోపాటే ఇంటికి వెళతాయి. ఒక హెచ్చరిక. మనిషికి తెలియకుండా మాన్పించే పొడులు అన్నంలో కలపొద్దు. వాటిలో డైసల్ఫిరామ్ ఉండి, ఆయన ఆపైన తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఈ ఖాళీని పూరించేవి ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ బృందాలు. క్లుప్తంగా ఏఏ అంటారు. 1935లో అమెరికాలో తాగుడుతో నలిగిపోయిన ఇద్దరు మొదలుపెట్టారు. వారిలో ఒకరు డాక్టరే. మన దేశానికి 1957లో వచ్చింది. ‘కబుర్లు చెప్పుకుంటే జబ్బు తగ్గుతుందా?’ అని అడిగేవారికి 2020 నాటి కోక్రేన్ సమీక్ష జవాబు చెబుతుంది. పద్ధతి ప్రకారం ఈ బృందాల్లో చేర్పించినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు 42 శాతం. ఇతర మానసిక చికిత్సలు పొందినవారిలో 35 శాతం. అద్భుతమేమీ కాదు. కానీ పైసా ఖర్చు లేని పద్ధతికి ఇది చిన్న ఫలితం కాదు.

నిజానికి ఈ కిటుకు మనకు కొత్త కాదు. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండగలుగుతాడు. నియమం ఉంటుంది, పక్కన అదే నియమంలో ఉన్న స్వాములు ఉంటారు, ఊరంతా గౌరవిస్తుంది. మాల తీసిన రోజున ఆ తోడు పోతుంది. మీటింగుల్లో ఆ తోడుకు గడువు లేదు. (రోజూ ఎక్కువగా తాగేవారు మాల వేసుకునే ముందే డాక్టర్‌ను కలవాలి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు.)

మధ్యతరగతి కుటుంబాలను ఆపేది ఎక్కువగా పరువు. మీటింగులో ఇంటిపేరు అడగరు, హాజరు పట్టీ ఉండదు, ఎవరొచ్చారన్నది బయట చెప్పరు. అక్కడ మీ ఆఫీసు మనిషి కనబడితే ఆయన వచ్చిందీ అందుకే. ఫీజు లేదు. చివర్లో చందా డబ్బా తిరుగుతుంది, వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. చాలాచోట్ల చర్చి గదిలోనో, బడి గదిలోనో జరుగుతాయి కాబట్టి మతం మారుస్తారేమోనని కొందరికి అనుమానం. సాయంత్రం గది ఖాళీగా దొరకడమే అందుకు కారణం. వాళ్లు చెప్పే ‘పైశక్తి’ మీ వేంకటేశ్వరస్వామి కావచ్చు, అల్లా కావచ్చు, దేవుణ్ని నమ్మనివారికి ఆ బృందమే కావచ్చు.

ఆచూకీ కోసం ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూడండి, లేదా పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీలో అడగండి. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416 కూడా ఉచితమే. అయితే అడ్రసు రాసిన చీటీ చేతిలో పెట్టి ‘వెళ్లిరండి’ అంటే వెళ్లేవారు తక్కువ. ముందే ఫోన్ చేసి, అక్కడి సభ్యుడొకరిని ఆయనతో మాట్లాడించి, మొదటిరోజు వెంట తీసుకెళ్లమని అడగండి. దీనితో ఎంతో తేడా వస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. ఈ పని ఆసుపత్రుల్లోనే జరగాలి. వార్డులో మీటింగుల వివరాలు అంటించి, డిశ్చార్జికి ముందు సభ్యుడొకరిని పిలిపించడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. మద్యం మీద ఇంత ఆదాయం పొందుతున్న ప్రభుత్వాలు ఆ మాత్రం ఆదేశం ఇవ్వొచ్చు.

‘ఓపెన్’ మీటింగు అని ఉంటే మీరూ వెళ్లొచ్చు. ‘క్లోజ్డ్’ అంటే తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. మొదటిరోజు ఆయన నోరు విప్పకుండా కూర్చున్నా ఫర్వాలేదు. ఆ గుంపు నచ్చలేదంటే ఇంకో చోటికి తీసుకెళ్లండి, ఒక్కో గుంపు తీరు ఒక్కోలా ఉంటుంది. తెలుగులో మాట్లాడే బృందం ఏదో ఫోన్లోనే కనుక్కోండి. ఆయన అసలే రానంటే మీరు వెళ్లండి. కుటుంబ సభ్యుల కోసం ‘అల్-అనాన్’ పేరుతో వేరే బృందాలున్నాయి. సీసాలు వెతకడం, అప్పులు తీర్చడం, ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పడం ఎలా ఆపాలో అవే పనులు చేసి అలసిపోయినవారు అక్కడ చెబుతారు.

ఆరు నెలలు మానేసి మళ్లీ తాగితే మీటింగులు దండగని తేల్చేయకండి. షుగర్ మళ్లీ పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేయం కదా. మర్నాడు ఆ బృందంలోనే ఎవరికైనా ఫోన్ చేయమనండి. రోజూ తాగడం మళ్లీ మొదలై ఉంటే మాత్రం ఇంట్లో ఆపించొద్దు, ముందు ఆసుపత్రికి తీసుకురండి.