ఇంటి లెక్క: బండి బిల్లు కూడా మనమే చదవాలి

బియ్యం కొంటే గింజ నోట్లో వేసుకుని చూస్తాం. చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. మరి లక్ష రూపాయల దాకా పోసి మోటార్ సైకిల్ కొనేటప్పుడు మాత్రం, అది మగవాళ్ల వ్యవహారమని షోరూమ్ కుర్చీలో కూర్చుని కూల్‌డ్రింక్ తాగి వచ్చేస్తాం. ఇది బాగుందా అక్కచెల్లెళ్లూ?

మన అనంతపురం వైపు బండి షోకు వస్తువేమీ కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. బుడ్డల పంట చేతికొస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. పాల క్యాన్లకూ, గడ్డిమోపుకూ, బడికీ, ఆస్పత్రికీ అన్నిటికీ ఆ బండే దిక్కు. చీటీ ఎత్తో, మెడలో గొలుసు బ్యాంకులో పెట్టో కొంటాం. అలాంటిది ఆర్నెల్లకే మొరాయిస్తే కడుపు మండదూ?

ఎవరింట్లో విన్నా "పాత బండే నయం" అన్న మాటే. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి.100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఎన్ని ఇళ్లను మోశాయో! చెడిపోతే ఊళ్లో మెకానిక్ చెట్టు కింద కార్బొరేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి బిగించేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 పొగ నిబంధన వచ్చింది. కార్బొరేటర్ పోయి, దాదాపు అన్ని బండ్లకూ ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికే మిషను కావాలి. అంటే టౌనుకు పోవాలి, ఆ రోజు కూలి పోవాలి.

ధర పెరగడానికి కొన్ని న్యాయమైన కారణాలున్నాయి. పొగ తగ్గితే బాగుపడేది మన పిల్లల ఊపిరితిత్తులే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన వాటికి ఏ.బి.ఎస్., ఆలోపు వాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి. ఇవి ప్రాణం కాపాడేవి, దండగ అనకూడదు.

కానీ రేకు పలచన చెయ్యమనీ, మడ్‌గార్డు ప్లాస్టిక్‌తో పెట్టమనీ, ఒక్క వానాకాలానికే తుప్పు పట్టే సైలెన్సర్ ఇమ్మనీ ఏ చట్టం చెప్పింది? జనం కోపం అక్కడ!

కోపం తెచ్చుకుంటే డబ్బు మిగలదు కదా. కాబట్టి కొనేముందు ఇవి చూసుకోండి:

* 350 సి.సి. వరకు బండ్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేని ధర 80,000 అయితే 8,000 రూపాయల తేడా! బిల్లులో 18 ఉందా లేదా చూడండి.

* వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. ఆ చీర గార్డును "ఎక్స్‌ట్రా ఫిటింగ్" అంటూ విడిగా రాస్తే ఎందుకని అడగండి. కొంగు మనది, ప్రాణమూ మనదే.

* ఐ.ఎస్.ఐ. హెల్మెట్ కూడా బండితో పాటు ఇవ్వాలని 138వ నిబంధనలో ఉంది.

* బండికి దెబ్బ తగిలితే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ ఫలానా చోటే కొనాలని లేదు. నాలుగు చోట్ల అడిగి తీసుకోండి.

* సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్‌కార్డు అడిగి, రేషన్ కార్డులా దాచుకోండి. అవి లేకుంటే వారంటీ గురించి వాదించలేం.

అదే లోపం మళ్లీ మళ్లీ వస్తే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల వరకు పెట్టి కొన్న వస్తువుకు అక్కడ ఫీజు లేదు. రెండేళ్లలోపు వెయ్యాలి, అంతే.

కూరగాయల అంగట్లో అర్ధరూపాయికి బేరమాడిన నోళ్లు మనవి. బండి దగ్గర మాత్రం ఎందుకు మూసుకోవాలి? ఈసారి షోరూమ్‌కు వెళ్తే కూల్‌డ్రింక్ పక్కన పెట్టి, బిల్లు ఇలా ఇవ్వమనండి!